తూర్పుకి కూర్చున్న సారథి

మావయ్య పోయాడన్న కబురు గుణుపురం సంతలో విన్నాను. వంకాయలు ఏరుకుంటున్నాను. ఫోన్‌లో అత్త గొంతు మామూలుగానే ఉంది. "అమ్మీ, మీ మావకి టీ ఇచ్చి లోపలికెల్లేను. గలాసు తీద్దామని వస్తే పలకనేదే. ఒళ్ళు సల్లబడిపోనాది. నువ్వు రా" అంది. వంకాయల సంచి అక్కడే వదిలేశానని, రాయగడలో రైలెక్కి కకిరిగుమ్మలో దిగాక గాని నాకు గుర్తు రాలేదు.

గ్లాసులో టీ సగానికి పైగా మిగిలే ఉంది. అందులో విశేషమేమీ లేదు. మావయ్య వేడి టీ తాగగా నేనెన్నడూ చూడలేదు. గ్లాసు రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని, ఆవిరి పోయేదాకా పేపరు చదివి, మీగడ కట్టాక నోట్లో పెట్టుకుని, "ఇదేటి, ఇంత సల్లగున్నాది?" అని అత్త మీద విసుక్కునేవాడు. విసుక్కుంటూనే మొత్తం తాగేసేవాడు. ఆ రోజు విసుగు వినపడలేదు. అందుకే అనుమానమొచ్చి, గ్లాసు తీసే నెపంతో బయటికొచ్చానని అత్త చెప్పింది.

ఆయన మా అమ్మకి అన్న. మా వాళ్ళది శ్రీకాకుళం వైపు పల్లె. తాతల కాలంలో గుణుపురం వచ్చి వంశధార పక్కన వరి, చెరకు వేసుకున్నారు. ఇంట్లో అందరికీ మట్టి అచ్చొస్తే మావయ్యకి ఇనుము అచ్చొచ్చింది. వెల్డింగు నేర్చుకుని కోరాపుట్ కొండల మీద ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేరాడు. టౌన్‌షిప్ గేటు ఎదురుగా, సర్కిల్ పక్కన చిన్న ఇల్లు కట్టుకున్నాడు. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ లోటో, నా చదువో, రెండూనో, నన్ను హైస్కూలు నుంచి వాళ్ళింట్లోనే పెట్టారు. ఈవేళ నేను పదిమందికి పాఠం చెప్పుకుని బతుకుతున్నానంటే ఆ ఇంటి అన్నం తిన్నందుకే.

మా మావయ్య దేవుడు అని రాస్తే ముందు ఆయనే నవ్వుతాడు. పేకాటలో ఓడిపోతే ముక్కలు సరిగా కలపలేదని లేచిపోయే రకం. మీసమంటే మహా మోజు. ఒకసారి నిప్పురవ్వ పడి సగం మీసం కాలిపోతే, మిగతా సగం తీయించుకోవడానికి మనసొప్పక, ఎండలో కూడా మఫ్లర్ చుట్టుకుని తిరిగాడు. "గొంతు నొప్పేటి దాదా?" అని దారిన పోయేవాళ్ళు అడిగితే, "అవును, లోపల్నుంచి" అనేవాడు. అత్త తలుపు చాటున నవ్వుకునేది.

వీధిలో ఎవరింట్లో పోత ఇనుము సామాను విరిగినా ఆయన దగ్గరికే తెచ్చేవారు. కుట్టుమిషన్ కాలో, పిండిమర చక్రమో. పోత ఇనుము మొండిది. అతికినట్టే అతికి, గాలి తగిలి గబుక్కున చల్లబడితే టక్కుమని పగులుతుంది. అందుకని మావయ్య అతుకు వేసిన వస్తువుని అత్త కుంపటి బూడిద పోసిన డబ్బాలో పాతిపెట్టేవాడు. వస్తువు గలవాళ్ళు గుమ్మంలో నిలబడి ఇచ్చెయ్యమంటే ఇచ్చేవాడు కాదు. "పైన సల్లారితే సాలదు. లోపల్నుంచి సల్లారాల. రేపు రండి" అని పంపించేసేవాడు. నా పరీక్షల ఫలితాలకీ అదే మాట, నా పెళ్ళి సంబంధాలకీ అదే మాట. "సల్లారనీ అమ్మి."

మా వైపు తొందరని బేగి అంటాం. రోజుకి వందసార్లు అనే మాట. బేగి తిను, బేగి రా, బేగి తెమలండి. ఆ ఇంట్లో మాత్రం ఆ మాట ఉండేది కాదు. మావయ్య, "బేగిపడితే పగిలిపోతాది" అని పొరపాటున ఎవరితోనైనా అన్నాడంటే, అత్త చేతిలో ఉన్న పని వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయేది. మావయ్య నాలిక కరుచుకునేవాడు. ఎందుకో నాకు తెలిసేది కాదు. అమ్మని అడిగితే, "పెద్దయ్యేక సెప్తాను" అంది. చెప్పింది కూడా.

అత్తకి తొలి చూలు ఏడో నెలలో అరసవిల్లి మొక్కు తీర్చుకోవాలనిపించింది. రథసప్తమికి సూర్యనారాయణమూర్తిని చూసి వస్తానంది. పురుడు పోసుకున్నాక వెళ్ళొచ్చులే అని మా అమ్మమ్మ. ఇప్పుడే వెళ్తానని అత్త. వెళ్ళింది. తిరుగు ప్రయాణంలో రైల్లోనే నొప్పులు మొదలై గుణుపురం ఆసుపత్రిలో పురుడొచ్చింది. మగబిడ్డ. అత్తకి ఒళ్ళు తెలియని జ్వరం. కబురంది మావయ్య కొండ దిగి వచ్చేసరికి బిడ్డకి ఇంకా ఊపిరుంది. ఆయన ఒళ్ళోనే పోయాడు. ఆయనే వంశధార ఒడ్డుకి తీసుకెళ్ళి మట్టి చేసి వచ్చాడు. అత్తకి తెలివొచ్చేసరికి పక్కన ఏమీ లేదు. కన్న బిడ్డ మొహం ఆవిడ చూడనే లేదు. ఇంటికొచ్చాక గుమ్మంలో మా అమ్మమ్మ, "బేగిపడ్డావు" అంది. ఒక్క మాటే. సొంత అమ్మమ్మే అయినా, ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అత్త ఆ రోజే మావయ్య చేత ఒట్టేయించుకుందట, ఇంకెప్పుడూ బిడ్డ ఊసెత్తకూడదని. మావయ్య ఎత్తలేదు. ఎన్నేళ్ళయినా ఎత్తలేదు.

అరసవిల్లి మళ్ళీ వెళ్ళలేదు గాని అత్త రథసప్తమి మానలేదు. జిల్లేడాకులు తల మీద పెట్టుకుని స్నానం, పిడకల మీద పరమాన్నం, చిక్కుడు కాయలకి చీపురు పుల్లలు గుచ్చి చిన్న రథం. నేనుండగా ఒక ఏడు మావయ్య ఆ రథం ముందు గొంతుక్కూర్చుని, "బండి బాగున్నాది గాని, తోలేవోడేడే?" అన్నాడు. ఆ సాయంత్రం వెల్డింగు రాడ్డు ముక్కలు అతికి, బొటనవేలంత మనిషిని చేసి తెచ్చాడు. నడుం దాకానే ఉన్నాడు. సూర్యుడి సారథి అనూరుడట, ఆయనకి తొడలు, కాళ్ళు ఉండవట. అత్త దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, కిటికీలో పెట్టేసింది. రథం మీద పెట్టలేదు.

తర్వాత ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి ఒక్కో విభాగాన్నీ తుక్కు ఇనుముతో ఏదో ఒక బొమ్మ చెయ్యమన్నారు. ఒకళ్ళు నెమలి చేశారు, ఒకళ్ళు తామరపువ్వు. మావయ్య అనూరుణ్ణి చేశాడు, ఈసారి నిలువెత్తు మనిషి కన్నా పెద్దగా. అరిగిపోయిన గేర్ల పళ్ళతో వెన్నెముక, బాయిలర్ రేకుతో ఛాతీ, రాడ్డు ముక్కలతో జుట్టు. నడుం కింద రథం నొగ. పగ్గాలకి పాత క్రేన్ గొలుసులు. ఆ గొలుసులు రెండు చేతుల్లోంచి ముందుకి సాగి గాల్లో ఆగిపోతాయి. అంత బరువైన గొలుసుని గాల్లో అలా నిలబెట్టడానికి లింకు లింకునీ లోపలి వైపు అతికాడు. "గుర్రాలేవి మావా?" అని అడిగాను. "ముందరున్నాయి. పరిగెడతన్నాయి కదేటి, ఎలగ కనపడతాయి?" అన్నాడు.

మొహం మాత్రం ఫ్యాక్టరీ షెడ్డులో చెయ్యలేదు. ఇంటికి తెచ్చుకుని పెరట్లో సుత్తితో రేకు మలిచేవాడు. కుర్రవాడి మొహం. బతికుంటే అత్త బిడ్డ ఎంతవాడై ఉండేవాడో, నాకన్నా కాస్త పెద్ద, అంత వయసు. పెదాలు కొంచెం విడి ఉన్నాయి, ఎవరో పిలిస్తే పలకబోతున్నట్టు. కుడి చెవి బాగానే వచ్చింది. ఎడమ చెవి పైకొస ముందుకి మడత పడిపోయింది. "చెవి కుదరలేదు మావా, సుత్తి దెబ్బ ఎక్కువైనట్టుంది" అన్నాను. ఆయనకి కోపమొచ్చింది. "సరిగ్గానే ఉన్నాది. నీకేటి తెలుసు?" అన్నాడు. చూడ్డానికొచ్చిన ఇంజినీరు గారు కూడా ఆ చెవి సరిచెయ్యమన్నారు. మావయ్య తల ఊపి, చెయ్యలేదు.

అన్నాళ్ళూ అత్త పెరట్లోకి రాలేదు. బట్టలు కూడా వాకిట్లోనే ఆరేసింది. ఒకరోజు నాకు జడ వేస్తుంటే నేనే కదిపాను, ఒకసారి చూడొచ్చు కదత్తా అని. ఆవిడ దువ్వెన ఆపేసింది. "ఆ కత తెలుసా నీకు? వినతకి రెండు గుడ్లు. సవతికి పిల్లలు పుట్టేసేరని ఉండబట్టనేక ఒక గుడ్డు బేగి పగలగొట్టేసింది. లోపల బిడ్డకి కాళ్ళింకా రానేదు. ఆ కొడుకు తల్లిని తిట్టి, శాపం పెట్టి, సూర్యుడి కాడికెల్లిపోయేడు" అంది. "మీ మావ మంచోడే. నోటితో ఒక్కనాడూ అన్నేదు. ఇనుముతో అన్నాడు" అని మళ్ళీ జడ అందుకుంది.

అలా కాదత్తా అని ఏదేదో చెప్పబోయాను. వినలేదు. మాట మార్చేసింది. నా చెవి పట్టుకుని, "మా నాయన ఎడం సెవి పైన మడతడి ఉండేది, తెలుసా? ఆ మడత ఇలగ రెండేళ్ళతో అట్టుకుంటే గాని నాకు నిద్దరొచ్చేది కాదు. నాను సిన్నగున్నప్పుడే పోనాడు. ఒక్క ఫొటో అయినా నేదు" అంది. బాధగా ఉన్నప్పుడల్లా వాళ్ళ నాన్న దగ్గరికి పోవడం ఆవిడకి అలవాటు. నేను దాన్ని అంతకు మించి పట్టించుకోలేదు.

బొమ్మని గేటు ముందున్న సర్కిల్‌లో పెట్టాలన్నారు. మావయ్య దిమ్మ దగ్గర సుద్దతో గుర్తు పెట్టి వచ్చాడు. మొహం పడమరకి, అంటే సరిగ్గా మా ఇంటి వైపుకి. తీరా పెట్టే రోజుకి మా అమ్మమ్మ పోయిందని కబురొచ్చి ముగ్గురం గుణుపురం వెళ్ళాల్సి వచ్చింది. వార్షికోత్సవం ఆగదు కదా. కమిటీ పెద్దలు చూసి, "దేవుడి బొమ్మ పడమరకేమిటి, అశుభం" అనుకుని, క్రేన్ ఆపరేటర్‌తో చెప్పి తూర్పుకి తిప్పి బిగించేశారు. కర్మలు కానిచ్చుకుని తిరిగొచ్చేసరికి బొమ్మకి పూలదండ, ఇంటి వైపుకి దాని వీపు.

మావయ్య బ్యాగు చేత్తో పట్టుకునే సర్కిల్ మధ్యలో నిలబడిపోయాడు. ముందుగా ఇల్లు చేరిన అత్త వరండాలోంచి చూసింది. "సూసేవా అమ్మీ? కొడుకు తల్లికి ఈపు తిప్పేసేడు. కతలోనూ అంతే" అంది నాతో, నెమ్మదిగా. అది దేవుడి పేరు చెప్పి మనుషులు చేసిన పొరపాటని ఎంత చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు.

అది మొదలు మావయ్యకి ఒకటే పని. సాయంత్రం నడకకొచ్చిన ఏ ఆఫీసరునైనా ఆపి, "సార్, మావోణ్ణి ఇటు తిప్పించండి" అనేవాడు. వాళ్ళు నవ్వి, దేవుడు తూర్పుకే ఉండాలి కదండీ అనేవారు. "దేవుడు తూర్పుకే సార్. ఈడు డ్రైవరు. సూర్యుడు యెనకాల కూకుంటాడు. బండి తూర్పు నుంచి పడమరకెల్తాది. బండి ఎటెల్తే డ్రైవరు అటు సూడాలా, నేదా?" మాట బాగుందనేవారు, చూద్దామనేవారు, బదిలీ అయి వెళ్ళిపోయేవారు. కొత్తవాళ్ళు వచ్చేవారు. మావయ్య మళ్ళీ మొదలుపెట్టేవాడు. నాకు విసుగొచ్చి, "పోనిద్దూ మావా, ఎటు చూస్తే ఏమిటి?" అన్నాను ఓసారి. "ఆడికి కాళ్ళు నేవమ్మి. ఆడంతట ఆడు తిరగనేడు. మనవే తిప్పాల" అన్నాడు.

అత్తని మాత్రం బలవంతపెట్టేవాడు కాదు. ఏడాదికోసారి, రథసప్తమి నాడు, స్నానం చేసి వచ్చి, "ఓపాలి ముందుకొచ్చి సూడే" అనేవాడు. "నాను రాను. అందులో ఏటున్నాదో నాకు తెలుసు" అనేది ఆవిడ. "నీకు తెల్దు" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట దాటనిచ్చేవాడు కాదు, ఒట్టు ఉంది కదా. పరమాన్నం గిన్నె తీసుకుని కూర్చుని, చల్లారేదాకా ఊదుకునేవాడు.

వానలు వెనకపట్టాక గ్రీజు డబ్బా, పాత గుడ్డ పట్టుకుని సర్కిల్‌కి వెళ్ళేవాడు. దిమ్మ మీది బోల్టుల తుప్పు గోకి, గ్రీజు పూసి, గుడ్డ చుట్టి వచ్చేవాడు. రిటైరయ్యాక కూడా మానలేదు. మోకాళ్ళ నొప్పులొచ్చాక అక్కడే మట్టిలో చతికిలబడి పూసేవాడు. బొమ్మ మీద ప్రేమ అనుకున్నాం అందరం.

పోయిన వారం పెద్దకర్మ అయింది. పనసకాయ కూర, గారెలు, అన్నీ ఆయనకిష్టమైనవే చేశారు, అవీ వేడివేడిగా. భోజనాలయ్యాక ఆ క్రేన్ ఆపరేటర్ నా దగ్గరికొచ్చాడు. ఒడియా మనిషి, ఆయనా రిటైరయ్యాడు. మావయ్యని భాయినా అనేవాడు, అంటే అన్నయ్య. ఎప్పుడెదురుపడినా మావయ్య ఆయన్ని, "మావోణ్ణి ఎనక్కి కూకోబెట్టేవు కదరా" అని తిట్టేవాడు, ఆ తిట్టయ్యాకే ఇద్దరూ కలిసి టీ తాగేవారు. "అమ్మాయీ, నన్ను ఇంక ఎవులు తిడతారు? ఆఫీసులో అడిగేను. మీరే తిప్పుకోండి అన్నారు. రేపు పొద్దున్న తిప్పేస్తాం" అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు.

మర్నాడు పొద్దున్న కొండల మంచు సర్కిల్ మీదే కూర్చుని ఉంది. వెల్డింగు షాపు పాతవాళ్ళంతా వచ్చారు. ఇన్నేళ్ళ బోల్టులు, గ్యాస్‌తో కొయ్యాల్సి వస్తుందని సిలిండరు కూడా తెచ్చుకున్నారు. గుడ్డలు విప్పి పానా పెడితే, ఒక్కో బోల్టూ డబ్బా మూతలా తిరిగి ఊడి వచ్చేసింది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. క్రేన్ ఆపరేటర్ గ్రీజు అంటిన వేళ్ళు చూసుకుని, "భాయినా రెడీ సేసి ఉంచేడు" అన్నాడు. అప్పటిదాకా ఓర్చుకున్నాను. అప్పుడు ఏడ్చాను.

బొమ్మని గొలుసుతో కాస్త ఎత్తి, మెల్లగా ఇటు తిప్పి, దించి, బిగించారు. అత్త మూల గదిలోంచి వరండాలోకొచ్చి నిలబడింది. మంచు విడిపోతోంది. ఎండ బొమ్మ వెనక నుంచి రావడంతో ఇక్కణ్ణించి మొహం నల్లగా ఉంది, ఏమీ తెలియడం లేదు. అత్త కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. చెయ్యి అడ్డం పెట్టి చూసింది. మెట్టు దిగింది.

"అమ్మా, గడప దాటకూడదు, మూలనున్న మనిషివి" అని పక్కింటావిడ చెయ్యి పట్టుకుంది. అత్త ఆ చేతిని మెల్లగా విడిపించుకుంది. చెప్పులు కూడా వేసుకోలేదు. రోడ్డు దాటింది. నేను వెనకే నడిచాను.

బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. నుదురు చూసింది, విడి ఉన్న పెదాలు చూసింది. తర్వాత బొమ్మ ఎడమ చెవి వైపుకి జరిగింది. అక్కడ ఆగిపోయింది.

"ఈ సెవి మీ మావకి ఎవులు సెప్పేరు?" అంది.

ఎవరు చెబుతారు? ఆవిడ నాన్న సంగతి నాకు తప్ప ఎవరికీ చెప్పలేదని ఆవిడకీ తెలుసు. నేను మావయ్యకి చెప్పలేదు. నేను తల అడ్డంగా ఊపాను.

"సెప్పనేదు" అంది తనే. "సూసేడు. ఒళ్ళో ఎట్టుకుని సూసేడు. మా నాయన సెవితో పుట్టేడమ్మీ నా సంటోడు."

క్రేన్ ఆపరేటర్ తన పనిముట్ల పెట్టె తెచ్చి బోర్లించాడు. అత్త నా భుజం పట్టుకుని దాని మీదికెక్కింది. ఇనుము రాత్రి చలికి ఇంకా చల్లగానే ఉండి ఉంటుంది. చెయ్యి చాచి, ఆ చెవి పైనున్న మడతని రెండు వేళ్ళతో పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఎండ పైకొచ్చి గొలుసుల మీది మంచు చుక్కలు చుక్కలుగా రాలుతోంది. షాపు వాళ్ళు సామాన్లు సర్దుకున్నారు, తాళ్ళు చుట్టుకున్నారు, టీలు తాగారు. వదలమని ఎవరూ అనలేదు. ఆవిడ వదలలేదు.